గుండె వాకిట సన్నని గొట్టం

2025 ఏప్రిల్‌లో అఫ్జల్‌గంజ్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రి డాక్టర్లు 40 ఏళ్ల మనిషికి ఇంకొకరి చిన్నపేగు అమర్చారు. బ్రెయిన్ డెడ్ అయిన దాత శరీరం నుంచి తీసిన పేగు అది. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి ఆపరేషన్ జరగడం అదే మొదలు. సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాధిపతి డాక్టర్ సీహెచ్. మధుసూదన్ నాయకత్వంలో చేశారు. పత్రికలన్నీ ఆపరేషన్ గురించి రాశాయి. నన్ను మాత్రం దానికి ముందు సంగతి పట్టుకుని వదల్లేదు. పేగు పోయిన మనిషి ఇంకో పేగు దొరికేదాకా ఏం తిని బతుకుతాడు?

ఆయన రోగం పేరు షార్ట్ గట్ సిండ్రోమ్. పేగులకు రక్తం తెచ్చే పెద్ద ధమనిలోనూ, పేగుల నుంచి రక్తం తీసుకుపోయే సిరలోనూ ఉన్నట్టుండి రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చింది. అలా గడ్డకట్టడం కడుపునొప్పితో మొదలవుతుంది. మామూలు నొప్పి కాదు. నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే తగులుతుంది, మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతుంటాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టేవాళ్లు ఉన్నారు. గంటలు గడుస్తున్నకొద్దీ రక్తం అందని పేగు నల్లబడుతుంది. నల్లబడినదాన్ని కోసి తీసేయడం తప్ప దారి ఉండదు. పెద్దవాళ్లకు చిన్నపేగు దాదాపు 6 మీటర్లు ఉంటుంది. కోయగా మిగిలింది 2 మీటర్ల లోపైతే కష్టాలు మొదలవుతాయి. మీటరు కూడా మిగలకపోతే, అన్నం తిన్నా ఒంటికి పట్టదు. నీళ్లు తాగితే తాగినట్టే పోతాయి. ప్రాణం పోకుండా మనిషి కళ్లముందే ఎండిపోతాడు.

ఇలాంటివాళ్లకు ఆహారం రక్తంలోకే ఎక్కిస్తారు. టీపీఎన్ అంటారు ఆసుపత్రుల్లో. చక్కెర, మాంసకృత్తుల ముక్కలైన అమైనో ఆమ్లాలు, కొవ్వు, ఉప్పులు, విటమిన్లు, జింకు, రాగి లాంటి ఖనిజాలు అన్నీ కలిపిన సంచి. పాలలా తెల్లగా ఉంటుంది. ఇంత చిక్కటి ద్రవాన్ని ముంజేతి నరంలో ఎక్కిస్తే ఆ నరం వాచి మూసుకుపోతుంది. అందుకని మెడ దగ్గరో, కాలర్ ఎముక కిందో పెద్ద సిరలోకి మెత్తని గొట్టం పంపుతారు. దాని కొస గుండె కుడి పై గది ముందు ఆగుతుంది. అక్కడ రక్తం ఉరవడిగా పారుతుంది గనక ఎంత చిక్కటిదైనా క్షణంలో కలిసిపోతుంది. గొట్టం రెండో కొస చర్మం కింద కొంత దూరం నడిచి ఛాతీ మీద బయటికి వస్తుంది. డాక్టర్లు కాథెటర్ అంటారు, ఇంట్లోవాళ్లు లైను అంటారు.

ఆ లైను బాగున్నన్నాళ్లే మనిషి బతుకు.

రక్తనాళం ద్వారా పూర్తి ఆహారం ఇచ్చి ప్రాణిని పెంచవచ్చని 1968లో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డుడ్రిక్ బృందం ప్రచురించింది. బీగిల్ జాతి కుక్కపిల్లలకు నోటి తిండి పెట్టకుండా నరం ద్వారానే ఆహారం ఇస్తే, మామూలు పిల్లల్లాగే ఎదిగాయి. రెండేళ్ల తర్వాత 1970లో టొరంటో జనరల్ ఆసుపత్రిలో జూడీ టేలర్ అనే ఆమె మంచం పట్టింది. ముగ్గురు ఆడపిల్లల తల్లి. ఆమెకూ రక్తం గడ్డలే పేగులను చంపేశాయి. చిన్నపేగు మొత్తం తీసేశారు. అప్పటివరకు అలాంటి రోగి సంగతి డాక్టర్లందరికీ తెలిసిందే. ఇన్ని రోజులని లెక్కపెట్టి, మాట్లాడుకోవడానికి ఇంటివాళ్లను పిలిచేవారు.

ఆమె డాక్టరు ఖుర్షీద్ జీజీభాయ్ మన పక్కనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వైద్యం చదువుకున్న మనిషి. సర్జన్ బెర్నార్డ్ లాంగర్ ఆమె ఛాతీలో గొట్టం అమర్చాడు. జీజీభాయ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఈమెను ఎన్నాళ్లని వార్డులో ఉంచుతాం, ఇంటికి పంపుదాం అన్నాడు. తన సీసాలు తానే తగిలించుకోవడం ఆమెకు నేర్పించారు. రాత్రి పడుకునేటప్పుడు ఎక్కించుకుని, పొద్దున విప్పేసి, పగలంతా పిల్లల వెనక తిరిగేది. 1973లో జీజీభాయ్ బృందం ఒక వైద్య పత్రికలో ఆ కేసు రాసింది. ఇంట్లో 23 నెలలు, ఒక్క చిక్కు లేకుండా, అని శీర్షికలోనే చెప్పారు. 23 నెలలపాటు డాక్టరు కాని ఒక గృహిణి తన గుండెలోకి పోయే గొట్టాన్ని రోజూ విప్పి, రోజూ తగిలించి, ఒక్క క్రిమిని కూడా లోపలికి రానివ్వలేదు. నా దృష్టిలో ఈ కథలో ఇంతకంటే గొప్ప విషయం లేదు. ఆ తర్వాత కూడా ఆమె బతికింది. మొత్తం దాదాపు 20 ఏళ్లు. షిరీన్ జీజీభాయ్ అనే రచయిత్రి ఆమె జీవితం మీద పుస్తకం రాసింది.

ఇక టొరంటో నుంచి హైదరాబాద్ కాచిగూడకు వద్దాం. ఇప్పుడు చెప్పబోయే ఇల్లు ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఇలాంటి రోగుల ఇళ్లలో జరిగేవాటిని ఒకచోట చేర్చి కూర్చిన కథ. మనుషులు కల్పితం. వాళ్లకు జరిగే వైద్యం, వచ్చే ప్రమాదం కల్పితం కాదు.

స్టేషన్ వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఫ్రిజ్ తలుపు తీసి సంచి బయటపెడుతుంది. చల్లటి సంచి ఒంట్లోకి పోతే మనిషి తట్టుకోలేడు గనక రాత్రికల్లా అది గది వేడికి రావాలి. ఫ్రిజ్‌లో మధ్య అర సంచులకే. కూరలు, పాలు కింద అరలోకి దిగాయి. ఎనిమిదింటికి తలుపులు మూస్తుంది. ఫ్యాన్ ఆపుతుంది. స్టీలు బల్లను స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తుంది. గాజులు, ఉంగరం తీసి అలమారలో పెట్టి, మోచేతుల దాకా సబ్బుతో కడుగుతుంది.

"అమ్మా, ఉడకబోస్తుంది, ఫ్యాన్ ఎయ్యనా?" అంటుంది పదేళ్ల పిల్ల.

"ఆగు బిడ్డా. మీ నాయనకు లైను పెట్టినంక."

గ్లౌజులు. మాస్కు ఆమెకొకటి, ఆయనకొకటి. లైను కొసన ఉన్న మూతిని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దుతుంది. నర్సమ్మ చెప్పింది పదిహేను సెకన్లు. ఆమె నోట్లో ఇరవై లెక్కపెట్టుకుంటుంది. రుద్దాక ఊదకూడదు, దానంతట అది ఆరాలి. తర్వాత 10 మిల్లీలీటర్ల సిరంజితో సెలైన్ నీళ్లు కొంచెం తోసి, ఆపి, మళ్లీ తోసి, ఆపి, గొట్టం లోపలి గోడలు కడుగుతుంది. చిన్న సిరంజి వాడితే ఒత్తిడి ఎక్కువై గొట్టం పగలొచ్చని తెలుసు. గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంపు వేసి, సంచి ట్యూబు తగిలించి, క్లాంపు తీసి, పంపు మీట నొక్కుతుంది. పన్నెండు గంటలు. తెల్లారి విప్పేటప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు.

మంచం అవతల ఆయన తల్లి కూర్చుని చూస్తుంటుంది. కొడుకు రుచికోసం రెండు ముద్దలే తింటాడు. "ఇంకో ముద్ద పెరుగన్నం తింటే ఏమైతదే, గింత పాలనీళ్లు ఎక్కిస్తే మనిషికి బలమెట్లొస్తది?" అని రోజూ కోడల్ని అడుగుతుంది. "గదే బువ్వ అత్తమ్మా" అని రోజూ చెప్తుంది కోడలు.

ఎనిమిది నెలలు బాగా గడిచాయి. ఆయన నాలుగు కిలోలు పెరిగాడు. పొద్దున సందు చివరి దాకా నడిచి పేపరు తెచ్చుకుంటున్నాడు.

బోనాల ఆదివారం ఇంటినిండా చుట్టాలు. రాత్రి తొమ్మిదయింది. ఆడబిడ్డ పిల్లలు గదిలోకీ బయటికీ పరుగులు. బయట డప్పు. ఆమె తగిలించడం మొదలుపెట్టి సగంలో ఉండగా కరెంటు పోయింది. ఫోన్ లైటు ఎవరో పట్టుకున్నారు. లైను మూతి జారి దుప్పటి మీద పడింది. మళ్లీ చేతులు కడిగి మొదటినుంచీ చేయాలని ఆమెకు తెలుసు. గడపలో ఎవరో పిలుస్తున్నారు. దూదితో ఒకసారి తుడిచి తగిలించేసింది.

నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రాత్రి, పంపు పెట్టిన గంటకు ఆయనకు పళ్లు కొట్టుకుంటున్నాయి.

"ఏందయ్యా గట్ల వణుకుతున్నవ్?"

"సలి వెడుతుంది. ఇంకో దుప్పటి గప్పు."

జ్వరం 102. ఆమె పంపు ఆపింది. ఆయన తమ్ముడు పక్క గదిలోంచి వచ్చాడు. "వానకాలం జొరమే వదినా. గల్లీల ఇంటికొకలకు ఉంది. గోలీ ఏసి పండుకోబెట్టు, పొద్దుగాల సూద్దాం."

గోలీకి జ్వరం దిగింది. పొద్దున ఆయన మామూలుగా లేచి కూర్చున్నాడు. అందరికీ ధైర్యం వచ్చింది. ఈ జబ్బు మోసం చేసేది ఇక్కడే. గొట్టం లోపలి గోడకు అంటుకున్న క్రిములు పొరగా పేరుకుని అక్కడే కూర్చుంటాయి. లైను వాడనంతసేపు రోగికి జ్వరం ఉండకపోవచ్చు. సంచి తగిలించి ద్రవం పారడం మొదలుకాగానే అవి గొట్టంలోంచి ఊడి నేరుగా గుండెలోకి, అక్కడి నుంచి ఒళ్లంతటికీ పోతాయి. వణుకు పుడుతుంది. మిగతా జ్వరాల్లో చాలావాటికి వేళాపాళా ఉండదు. ఈ జ్వరం మాత్రం చాలాసార్లు సంచి పెట్టిన గంటలోపే వస్తుంది. పెద్ద గుర్తు ఇదే.

రెండో రాత్రి మళ్లీ తగిలించింది. గంట తిరక్కుండా మళ్లీ వణుకు. ఈసారి ఆయన మాట తడబడింది. కూతుర్ని గుర్తుపట్టలేదు. చేతులు చల్లబడ్డాయి. అత్త నోట మాట లేదు. తమ్ముడు ఆటో కోసం సందు మొదటికి పరుగెత్తాడు.

 కాచిగూడకూ ఉస్మానియాకూ మధ్య చాదర్‌ఘాట్, కోఠి. రాత్రిపూట ఆటోలో పావుగంట దారి. చుట్టుపక్కల ఇంకా ఎన్నో ఆసుపత్రులు. ఈ ఇంటికి వైద్యం దూరమేమీ కాదు. ఆలస్యమంతా ఇంట్లోనే జరిగింది. ఒక పగలూ ఒక రాత్రీ.

"సంచి పెట్టినంకనే చలి వచ్చిందా అమ్మా?" అని అడిగాడు డ్యూటీ డాక్టరు.

"రెండు దినాలూ గట్లనే సార్."

"నిన్ననే రావాల్సింది."

ఆ డాక్టరు అంతకంటే ఒక్క మాట అనలేదు. రక్తం రెండుచోట్ల తీశారు, ఒకటి లైనులోంచి, ఒకటి చేతి నరంలోంచి. రెంటినీ క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపితే, ఏది ముందు పెరిగిందో చూసి క్రిమి కూర్చున్నది లైనులోనా మరెక్కడైనానా చెప్పగలరు. జవాబు వచ్చేదాకా ఆగకుండా యాంటీబయోటిక్స్ మొదలుపెట్టారు. తేలింది స్టాఫిలోకాకస్ ఆరియస్, మన చర్మం మీదా ముక్కులోనూ ఉండేదే. కొన్ని రకాల క్రిములైతే లైను ఉంచి, మందుతోనే కడిగి కాపాడతారు. ఇది గుండె కవాటాలకూ ఎముకలకూ పాకే రకం. బూజు జాతి కాండిడా అయినా ఇంతే. లైను తీసేశారు. రక్తంలో క్రిమి లేదని తేలాక ఎడమ వైపు కొత్త లైను వేశారు. ఆయన బతికాడు. స్కానింగ్‌లో కుడి మెడ సిర మూసుకుపోయినట్టు కనిపించింది. మళ్లీ ఆ దారి వాడడానికి లేదు.

ఇంటికి వచ్చిన రాత్రి ఆమె చేతులు వణికాయి. తప్పు తనదేనని ఎవరూ అనకపోయినా ఆమెకు తెలుసు. మళ్లీ బల్ల తుడిచింది, మళ్లీ ఇరవై లెక్కపెట్టింది. పక్కన మరిది కూర్చుని నేర్చుకుంటున్నాడు. ఈసారి ఇద్దరు ఉండాలన్నది అతని మాటే.

కల్పిత కథ ఇంతటితో ఆపుతాను, ఎందుకంటే అసలు లెక్క ఇంకా చెప్పలేదు. ఇంట్లో టీపీఎన్ తీసుకునేవాళ్లలో లైను ఇన్ఫెక్షన్లను వెయ్యి లైను-రోజులకు ఇన్ని అని కొలుస్తారు. పలు దేశాల అధ్యయనాలను 2013లో ఒకచోట చేర్చి చూస్తే, ఆ అంకె 0.38 నుంచి 4.58 దాకా ఉంది. దీన్ని ఇంటి భాషలోకి మార్చి చూడండి. అంకె తక్కువున్న చోట ఏడేళ్లకు ఒకసారి. ఎక్కువున్న చోట ఏడు నెలలకు ఒకసారి. సంచి అదే, గొట్టం దాదాపు అదే. తేడా చాలావరకు చేతుల్లో ఉంది, ఆ చేతులకు నేర్పినవాళ్లలో ఉంది. వెచ్చటి పాలలో తోడు చుక్క ఎంత పని చేస్తుందో, ఆ తెల్లటి సంచి దారిలో ఒక్క మురికి చుక్క అంత పని చేస్తుంది. ఇన్ఫెక్షన్ పదేపదే వచ్చేవారికి, విప్పాక లైనులో టారోలిడిన్ అనే క్రిమినాశక ద్రవం నింపి ఉంచే పద్ధతి ఉంది. ఫలితాలు బాగున్నాయి.

ఇన్ఫెక్షన్ ఒక్కటే కాదు. లైను పూడిపోవచ్చు. లోపల రక్తం గడ్డకడితే దాన్ని కరిగించే మందు వేరు, కొవ్వు పేరుకుంటే వేరు, సున్నం లాంటి ఉప్పులు గట్టిపడితే వేరు. అందుకే పూడిన లైనును ఇంట్లో బలం కొద్దీ తోయకూడదు. గొట్టానికి చీలిక వస్తే, చీలికకూ ఒంటికీ మధ్య క్లాంపు వేయాలి, లేదంటే గాలి గుండెలోకి పోతుంది. రోగిని తల పల్లంగా పెట్టి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. లైను ఉన్న వైపు చెయ్యో, మెడో, ముఖమో వాస్తే లోపల సిర మూసుకుంటోందని అర్థం. ఏళ్ల తరబడి టీపీఎన్ మీద ఉంటే కాలేయం దెబ్బతినడం ఇంకొకటి, దాని కథ చాలా పెద్దది.

మనిషి ఒంటి పైభాగంలో ఇలాంటి లైనుకు పనికొచ్చే పెద్ద సిరలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మెడలో రెండు, కాలర్ ఎముకల కింద రెండు. ప్రతి ఇన్ఫెక్షన్, ప్రతి గడ్డ వాటిలో ఒకదాన్ని మింగుతుంది. పేగు మార్పిడికి డబ్బు చెల్లించడానికి అమెరికా మెడికేర్ 2000లో పెట్టిన షరతుల్లో రెండు నేరుగా దీని గురించే. రెండు పెద్ద సిరలు మూసుకుపోవడం ఒకటి. ఏడాదిలో రెండుసార్లు లైను నుంచి రక్తం విషమయం కావడం మరొకటి. పేగు మార్పిడి దాకా రోగిని తోసేది చాలాసార్లు పేగు కాదు, లైను. పైగా దారులన్నీ మూసుకున్నాక వస్తే మార్పిడి కూడా కష్టం. అంత పెద్ద ఆపరేషన్‌కు రక్తం, మందులు ఎక్కించాలన్నా ఆ సిరలే కావాలి.

ఉస్మానియాలో 2025లో జరిగినదానికి మనం గర్వపడాలి. ఏళ్లుగా కూలిపోతోందని కోర్టుల దాకా వెళ్లిన భవనం అది. 2020 జూలై వానలకు వార్డుల్లోకి నీళ్లు వచ్చి పాత భవనం ఖాళీ చేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అలాంటి ఇరుకులో ఉండి పేగు మార్పిడి చేసి చూపించారు. కానీ దాత దొరికేదాకా, దొరకనివాళ్లకైతే జీవితాంతం, రోగిని కాపాడేది ఇంట్లోవాళ్లే. కాబట్టి కొత్త ఆసుపత్రి అయినా, ఏ ఆసుపత్రి అయినా, లైనుతో రోగిని పంపేముందు ఇంట్లో కనీసం ఇద్దరికి చేయించి చూపించి నేర్పాలి. ఒకసారి చెప్పి పంపితే చాలదు. తప్పు లేకుండా వాళ్లు చేసిచూపేదాకా డిశ్చార్జి చీటీ మీద సంతకం పెట్టకూడదు. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే నంబరు ఒకటి ఇవ్వాలి. "ఛాతీలో లైను ఉంది, జ్వరం వస్తే కల్చర్ చేయండి" అని తెలుగులో రాసిన కార్డు రోగి జేబులో ఉండాలి, ఏ క్యాజువాల్టీకి వెళ్లినా చూపించడానికి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక శిక్షణ పొందిన నర్సమ్మ, ఒక డైటీషియన్, ఒక ఫార్మసిస్టు, వాళ్ల మీద ఒక డాక్టరు, ఇది తమ పనే అనుకుంటే చాలు.

పాఠకులకు రెండు మాటలు. పంజగుట్ట నిమ్స్‌లో ఉన్న జీవన్‌దాన్‌లో అవయవదానానికి పేరు రాయించండి, రాయించిన సంగతి ఇంట్లో చెప్పండి. రేపు సంతకం పెట్టాల్సింది వాళ్లే. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఛాతీలో లైను ఉన్న మనిషి ఉంటే, సంచి పెట్టిన గంటలోపు వణుకు పుట్టిందంటే పంపు ఆపండి, లైను మూసేయండి, గోలీ వేసి తెల్లారేదాకా చూడకండి. ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి.